ఆరీ ఆరని పచ్చ దీపం

మాత్రల ఫ్యాక్టరీలో మూడో బెల్టు మీద పెత్తనం బావది. ఆ బెల్టు మీద విరిగిన మాత్రల్ని కనిపెట్టే చిప్పు పని బామ్మర్దిది. బావ సంతకం పెడితే బామ్మర్ది చేసిన కొత్త చిప్పు కార్డు ఖాయమవుతుంది. పెట్టకపోతే ఐదు నెలల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. పెళ్లాం తమ్ముడని మొహమాటపడి సంతకం పెట్టే రకం కాదు బావ.

తెల్ల మాత్రలయ్యాక నీలం మాత్రలు వచ్చేటప్పుడు చిప్పులో మాత్రల్ని చూసే సగాన్ని చెరిపి కొత్తగా రాయాలి. మిగతా సగం బెల్టును నడుపుతూనే ఉంటుంది. ఇదివరకు ఈ చెరిపి రాయడానికి తొంభై మిల్లీసెకన్లు పట్టేది. బామ్మర్ది పాత రాతకూ కొత్త రాతకూ తేడా ఉన్న ముక్కలే ఏరి, చిప్పు పక్కనున్న వేగమైన మెమరీలో ముందే సర్దిపెట్టాడు. ఇప్పుడు నాలుగే. ఒక మాత్ర వెళ్లి ఇంకో మాత్ర వచ్చేలోగా పని అయిపోతుంది.

అన్నీ చూసుకున్నవాడు దీపం సంగతి మరిచాడు. రాత జరుగుతున్నంతసేపూ ఆరి ఉండే చిన్న పచ్చ దీపం. ఆరేళ్లుగా బావ ఎర్ర బటన్ మీద వేలుంచి, దాన్నే చూస్తూ నిలబడేవాడు. అది ఒక్కసారి ఆరి వెలిగితేనే చిప్పు మారినట్టు.

పరీక్ష రోజున నీలం మాత్రలు మొదలవగానే బావ బటన్ నొక్కి బెల్టు ఆపేశాడు.

"మారలేదు."

"మారింది బావా. స్క్రీన్ మీద చూడు, నాలుగు."

"స్క్రీన్ మీద నేనూ రాస్తా నాలుగని. దీపం ఆరిందా?"

"ఆరింది. నీ కంటికి ఆనలేదు."

"ఇప్పుడు నా కళ్లకి వంక పెడుతున్నావా?"

మళ్లీ నడిపారు, మళ్లీ ఆపాడు. మూడోసారీ అంతే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? బామ్మర్దికి నిజంగానే ఏడుపొచ్చింది.

చివరికి ఒక నీలం మాత్రను రెండుగా విరిచి, ఒక ముక్క బావ చేతిలో పెట్టాడు. "ఆఖరి తెల్ల మాత్ర వెనకాలే వెయ్యి."

బావ వేశాడు. దీపం ఆరినట్టే లేదు. ముక్క మాత్రం టక్కున పక్క తొట్టిలో పడింది, దాని వెనకాల వచ్చిన మంచి నీలం మాత్రలు ముందుకు సాగిపోయాయి. బావ దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాత కార్డు దీన్ని పట్టేదా?"

"లేదు బావా. దీపం ఆరి ఉన్నంతసేపూ దానికి కళ్లుండవు. మారిన ప్రతిసారీ ఓ మూడు మాత్రలు చూడకుండానే పోయేవి."

"నేను మారిందిలే అని నిమ్మళించినప్పుడల్లానా?"

బామ్మర్ది తలూపాడు. గెలిచినందుకు సంతోషించాల్సింది పోయి, బావ మొహం చూస్తే జాలేసింది.

బావ సంతకం పెట్టాడు. "మిగతా బెల్టుల మీద పాత కార్డులేగా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా నడిచి వెళ్లి, తనకు ఏ సంబంధమూ లేని రెండో బెల్టు ఎర్ర బటన్ నొక్కేశాడు.

ఆ బెల్టు మనిషి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందండీ? మా దీపం చక్కగా ఆరి వెలుగుతోంది కదా!"

"అందుకే ఆపాను," అన్నాడు బావ.