కెప్టెన్ మళ్లీ కాలరు పట్టుకున్నదెవరు?

ఎర్విన్ పోస్నర్ ఇరవై రెండేళ్ళలో కెప్టెన్ మళ్లీని ముప్ఫై ఒక్కసార్లు చంపాడు. పడవ ముంచి చంపాడు, అగ్నిపర్వతంలోకి తోసి చంపాడు, ఒకసారి కథ తోచక జలుబుతో కూడా చంపాడు. చంపిన ప్రతిసారీ ఆ మహావీరుడు పైలోకం గుమ్మం దాకా వెళ్తాడు. అక్కడ బల్ల ముందు కూర్చున్న టిబ్బెట్ అనే గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని, చిట్టా తిరగేసి, "నీ పేరు లేదయ్యా, పో" అంటాడు. మనవాడు భూమ్మీద కళ్ళు తెరిచి దొంగల పని పడతాడు. పన్నెండు సెంట్ల బొమ్మల పుస్తకానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంతకన్నా కావాలనే మనిషి ఒకడు ఇప్పుడు న్యూయార్క్‌లో బయల్దేరాడు. ప్రతి సంచికా అచ్చుకు పోయే ముందు పరిశీలకుల చేతుల్లోంచి పోవాలి. వాళ్ళ ముద్ర లేకపోతే ఏ దుకాణంవాడూ పుస్తకాన్ని ముట్టడు. చచ్చినవాళ్ళు లేచి తిరగకూడదని వాళ్ళకో నియమం ఉంది, పదేళ్ళ నుంచీ ఉంది. పాత పరిశీలకుడు పుస్తకం తెరవకుండానే ముద్ర కొట్టే పుణ్యాత్ముడు. కొత్తాయన చదువుతాడు. నూట ముప్ఫై తొమ్మిదో సంచికను చదివి, మొదటి సంచిక నుంచీ అన్నీ తెప్పించుకుని చదివి, చీటీ రాసి తిప్పి పంపాడు.

"ఇతను చచ్చాడా, లేదా? చస్తే లేచి తిరగడానికి వీల్లేదు. చావకపోతే పైలోకంలో ఇతనికేం పని? శుక్రవారం ఐదింటిలోగా తేల్చండి."

తేలకపోతే కెప్టెన్ మళ్లీని ఆపేసి, వచ్చే నెల నుంచి మాట్లాడే కుక్క కథలు వేస్తానని యజమాని చెప్పేశాడు. ఎర్విన్‌కు పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. యాభై నాలుగేళ్ళ బతుకులో నాది అని చెప్పుకోవడానికి ఉన్నదల్లా కెప్టెన్ మళ్లీ. ఆ కుక్క కథ కూడా తననే రాయమంటారని అతనికి తెలుసు.

గురువారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి ఇడా ఉత్తరాల కట్ట విప్పుతోంది. బొమ్మల మీద అంటించే మాటలను కాగితం ముక్కల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసే మనిషి ఇడా. అరవై దాటింది, నోరు మాత్రం పదహారేళ్ళది.

"ఏమయ్యా, మొహం అలా పెట్టావేం? చచ్చింది నువ్వా, కెప్టెనా?"

"ఇద్దరం. రేపు సాయంత్రం ఐదింటికి ఖననం, మీరూ రండి."

"వస్తాలే. ముందు ఇది విను. నీ విటాలె బాబు మళ్ళీ రాశాడు."

పాఠకులు తప్పులు పట్టి ఉత్తరాలు రాయడం, వాటిని పేరూ చిరునామాతో సహా వెనకపేజీలో వేయడం, మంచి తప్పు పట్టినవాడికి అసలు బొమ్మ పేజీ ఒకటి బహుమతిగా పంపడం అక్కడి ఆచారం. బ్రూక్లిన్ నుంచి రాసే సి. విటాలె ఈ ఏడాది ఇప్పటికి ఆరు తప్పులు పట్టాడు. చచ్చినవాళ్ళు తినరని టిబ్బెట్ ఒక సంచికలో చెప్పి, నలభై ఏడో సంచికలో డోనట్ తిన్నాడన్నది అందులో ఒకటి. "చిరంజీవి విటాలెకు, నీ చురుకుదనానికి సంతోషం, పాలు బాగా తాగు" అని ఎర్విన్ ప్రతిసారీ జవాబిచ్చాడు.

ఇడా కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"అయ్యా, మొదటి సంచిక ఆరో పేజీ చూడండి. పడవ మునిగింది. నీళ్ళలో మీవాడి కాలరును ఒక చెయ్యి పట్టుకుని ఉంది. దాని వేలికి మూడు రాళ్ళ ఉంగరం. అది మీవాడితో పాటు పడవెక్కిన మిల్లీ చెయ్యి. పైన మాటేమో మిల్లీ మునిగిపోయిందంటుంది. మునిగిన మనిషి ఇంకొకణ్ణి ఎలా పట్టుకుంటుందండీ? మిల్లీ చావలేదు. వాణ్ణి ఒడ్డుకు లాగింది. వాడూ చావలేదు, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడంతే. అందుకే చిట్టాలో పేరుండదు. ఇరవై రెండేళ్ళుగా తనను లాగిందెవరని వాడు ఒక్కసారీ అడగలేదు. ఎంత కృతఘ్నుడండీ మీవాడు! మీ కాగితం ముక్క కింద చూడండి, ఆవిడ మొహం ఉంటుంది."

ఎర్విన్ కుర్చీలోంచి లేచాడు. "చావలేదు! ఇడా, వాడు అసలు చావనే లేదు! పరిశీలకుడికి ఇంక ఏం కావాలి?"

"అరవకు. కాగితం ముక్క కింద అంటున్నాడే, ఏ ముక్క?"

మొదటి సంచిక పేజీలు చాలామటుకు ఏనాడో చెత్తలోకి పోయాయి. ఆరో పేజీ మాత్రం ఇడా సిరాబుడ్ల సొరుగులో అడుగున పరిచి ఉంది. బుడ్లు తీసి, పేజీ దులిపి బల్ల మీద పెట్టింది. పడవ, అలలు, కెప్టెన్, అతని కాలరు పిడికిట్లో బిగించిన చెయ్యి. పైన ఇడా రాసిన ముక్క: "అయ్యో, మిల్లీ కూడా మునిగిపోయింది!" ఇరవై రెండేళ్ళ నాటి జిగురు ఎండి పెళుసయింది. ఎర్విన్ వేలు తగలగానే ముక్క ఊడి బల్ల మీద పడింది.

దాని కింద ఒక అమ్మాయి మొహం. తడిసిన జుట్టు, బిగించిన పళ్ళు. ప్రాణాలతో ఉంది, పైగా కోపంగా ఉంది.

"ముక్క రాసింది నేను. అంటించింది నువ్వు" అంది ఇడా. "ఆ రోజు ముక్కలు నీ చేతికిచ్చి నేను పన్ను పీకించుకోడానికి పోయాను."

ఎర్విన్‌కు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో అతను కథ నాలుగు మాటల్లో చెప్పేవాడు, లూ డమియానో బొమ్మలు గీసేవాడు, ఆ గీసిన బొమ్మలకు ఎర్విన్ మాటలు అల్లేవాడు. అంటే బొమ్మ చూసి రాయాలి. ఆ శుక్రవారం అచ్చువాడు గుమ్మంలో నిలబడి గొణుగుతున్నాడు. ఎర్విన్ తన తలలో ఉన్న కథకు మాటలు రాసేసి, ఇడా రాసిచ్చిన ముక్కలను ఖాళీ కనబడ్డ చోటల్లా అంటించేశాడు. తడి జుట్టూ మొహమూ తెల్ల కాగితం మీద పల్చటి గీతలే కావడంతో, అతని కంటికి ఆ చోటు ఖాళీలాగే ఆనింది.

అదే నెలలో లూ సైన్యంలోకి వెళ్ళాడు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చాడని ఎర్విన్ విన్నాడు గాని, లూ ఆఫీసు మెట్లెక్కలేదు. పెద్దవాడైపోయాడు, మనం ఆనం అనుకున్నాడు ఎర్విన్. తనూ వెతకలేదు. తరవాత వచ్చిన ఆరుగురు బొమ్మలవాళ్ళూ కెప్టెన్ కాలరును నలిగినట్టుగానే గీస్తూ వచ్చారు. దుస్తుల తీరే అదనుకున్నారు.

"అచ్చయిన పుస్తకంలో ముక్క కింద ఏముందో కనపడదు కదా" అన్నాడు ఎర్విన్ మెల్లగా. "ఈ పిల్లాడికెలా తెలిసింది?"

"వెళ్ళి అడుగు. బహుమతి ఎలాగూ ఇవ్వాలి. చివరి పేజీకి తెల్ల అట్ట కూడా పట్టుకుపో, రైల్లో ఏమైనా తోస్తుంది."

బ్రూక్లిన్ చివర్న రైలు దిగి, చిరునామా వెతుక్కుని గంట నొక్కాడు. చిరంజీవి విటాలె తలుపు తీశాడు. నలభై రెండేళ్ళ వయసు, పూల గౌను, చేతిలో గరిటె, వేలికి మూడు రాళ్ళ ఉంగరం.

"పాలు తాగుతూనే ఉన్నానండీ" అంది.

"కొంచెట్టా!" ఆ రోజుల్లో లూ పెళ్ళాడబోతున్న పిల్లను ఎర్విన్ గుర్తుపట్టాడు.

"విటాలె మా పుట్టింటి పేరు. ఇరవై రెండేళ్ళయింది నన్ను ముంచి. పూలైనా తెచ్చావా?"

ఎర్విన్ బహుమతిగా తెచ్చిన ఆరో పేజీ చాచాడు. ఆవిడ చూసింది. గరిటె పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. "ఎంత కోపంగా ఉన్నానో చూడు" అంది, ఆ మాట నవ్వుతూనే అంది గాని కళ్ళు తుడుచుకుంది. తరవాత లోపలికి కేకేసింది. "లూ! నా హంతకుడు వచ్చాడు. నువ్వు మాట్లాడకపోతే మానెయ్, వచ్చి భోజనానికి కూర్చో."

లూ వెనకగదిలోంచి వచ్చాడు. జుట్టు పల్చబడింది, వేళ్ళకు సిరా అలాగే ఉంది. ప్రకటనల కోసం ఫ్రిజ్‌లు గీస్తున్నాడట. కూర్చున్నాడు గాని ఎర్విన్ వైపు చూడలేదు. కొంచెట్టా మిరపకాయలు, గుడ్లు వేయించి రొట్టెలో పెట్టి ఇద్దరి ముందూ గట్టిగా చప్పుడయ్యేలా పెట్టింది.

"పెళ్ళికి ముందు గీసిన మొదటి బొమ్మ అది" అన్నాడు లూ చివరికి, రొట్టెతో చెబుతున్నట్టు. "కొంచెట్టాకు చూపించి, ఇదుగో నువ్వు, వాణ్ణి బతికించేది నువ్వే అని చెప్పా. పుస్తకం వచ్చింది. తెరిచా. మొహం మీద కాగితం ముక్క. నచ్చకపోతే నాతో చెప్పొచ్చు కదరా?"

"నచ్చకపోవడం కాదురా." ఎర్విన్ రొట్టె కింద పెట్టాడు. "నేను చూళ్ళేదు."

"ఏంటీ?"

"బొమ్మ చూళ్ళేదు. చూడకుండా అంటించేశా."

లూ అప్పుడు తలెత్తాడు. "చూళ్ళేదా? చూసి కప్పేశావని ఇరవై రెండేళ్ళు తిట్టుకున్నానే! చూళ్ళేదంటే ఇంకా ఘోరం కదరా, సన్నాసీ!"

"ఘోరమే. ఇంకా తిట్టు."

"తిట్టడానికి తిట్లు మిగలనిచ్చావా? అన్నీ ఆ పాత తప్పుకే ఖర్చయిపోయాయి."

కొంచెట్టా పకపక నవ్వింది. ఇంకొంచెంసేపటికి లూకు కూడా నవ్వాగలేదు. ఎర్విన్ నవ్వబోయి ఏడ్చాడు, జేబురుమాలు వెతుక్కున్నాడు, దొరక్క గిన్నెలు తుడిచే గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

తరవాత అట్ట బల్ల మీద పరిచి, శుక్రవారం సంగతి, కుక్క సంగతి చెప్పాడు. చివరి పేజీ మార్చాలి. గుమ్మం దగ్గర టిబ్బెట్ ఈసారి చిట్టా మూసేసి, "నీ పేరు ఇందులో ఎప్పుడూ లేదయ్యా. ప్రతిసారీ ఎవరో నిన్ను నా గుమ్మంలోంచి కాలరు పట్టి లాక్కుపోతున్నారు, నీకు తెలియనే తెలియదా?" అంటాడు. కెప్టెన్ ఒడ్డున కళ్ళు తెరుస్తాడు. అంతే, నాలుగు మాటలు. లూ పెన్సిల్ అందుకున్నాడు.

మిల్లీకి నుదుటి మీద తెల్ల వెంట్రుకల పాయ ఒకటి గీయగానే భార్య చూసింది.

"నల్లగా వెయ్."

"ఇరవై రెండేళ్ళు నీళ్ళలో ఉన్న మనిషికి వయసు రాదా?"

"గరిటె కనిపిస్తోందా?"

పాయ నల్లబడింది. సిరా ఆరేసరికి కిటికీలో వెలుగు తగ్గింది. ఒడ్డున కెప్టెన్ పడి ఉన్నాడు, మిల్లీ పిడికిలి ఇంకా అతని కాలరు వదల్లేదు. అతను మొట్టమొదటిసారి ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు. మాటల కోసం ఒక చిన్న కాగితం ముక్క కత్తిరించి లూ బల్ల మీద ముందుకు జరిపాడు.

"రాయి. ఈసారి చూసి రాయి."

ఎర్విన్ చూశాడు. చాలాసేపు చూశాడు. ఇడా అక్షరాల పక్కన పెడితే కోడి గెలికినట్టుండే తన చేతిరాతతో రాశాడు: "ఇన్నాళ్ళూ నువ్వేనా? నేను చూసుకోలేదు."

లూ చదివి, సిరా మీద ఉఫ్‌మని ఊదాడు. ముక్కను తనే తీసుకుని, ఎవరి మొహమూ లేని చోట, ఆకాశం మూలన అంటించాడు. ఆరో పేజీని కొంచెట్టా అప్పటికే పొయ్యి పైన గోడకు కొట్టేసింది.

మర్నాడు నాలుగూ యాభైకి ముద్ర పడింది. దాంతోపాటు పరిశీలకుడి చీటీ కూడా వచ్చింది. ఎర్విన్ కిందికి పరుగెత్తి, వీధి మూల టెలిఫోన్ పెట్టెలో దూరి, బ్రూక్లిన్ నంబరు తిప్పాడు.

"లూ, చావలేదని ఒప్పుకున్నాడు! కానీ డోనట్ సంగతి పట్టుకున్నాడురా. గుమాస్తా చచ్చినవాడైతే ఎలా తింటాడని అడుగుతున్నాడు."

అవతల కాసేపు పెన్సిల్ గీకుడు వినపడింది.

"టిబ్బెట్ కూడా చావలేదేమోరా."

"మరి అక్కడేం చేస్తున్నాడు?"

"ఉద్యోగం. సోమవారం పొద్దున వస్తా, ఆలోచిద్దాం. నా బల్ల కిటికీ పక్కనే ఉందా?"

బయట ఎవరో అద్దం మీద నాణెంతో కొడుతున్నారు. ఎర్విన్ పట్టించుకోలేదు.

"ఉంది" అన్నాడు. నిజానికి ఆ బల్ల మీద పదేళ్ళుగా పాత సంచికల కట్టలున్నాయి. ఫోను పెట్టేసి, అవి దించడానికి మెట్లెక్కాడు.