దోసిలి పద్యం

నాటకంలో హోటలు యజమాని వేషానికి పద్యం పెట్టొద్దని మొత్తుకున్నాను. విన్నవాడు లేడు.

మా నాటకం మా ఊరి కథే. పెద్దకడుబూరు వైపు మా ఊళ్లో, నలభై ఏళ్ల కిందట, మాదిగ గేరి, అంటే మా వాడ, వాళ్లకు టీ హోటల్లో గ్లాసు ఇచ్చేవారు కాదు. బయట కూర్చుని దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోసేవారు. ఒక రోజు ఉరుకుందమ్మ అనే కూలిమనిషి లోపలికి పోయి, గ్లాసు తీసుకుని, తానే ముంచుకుని తాగింది. ఆమె వెనక గేరి గేరంతా కదిలింది. ఆ ఉరుకుందమ్మ మా అమ్మ. నాటకంలో ఆమె వేషం నాది.

ఆదోనిలో ఈ నాటకం వేయాలని పూనుకున్నది శేఖర్, కాలేజీలో చరిత్ర చెప్పే మా దళిత సంఘం మనిషి. ఉత్త మాటల నాటకానికి జనం రారని భయపడి ఎమ్మిగనూరు నుంచి ఈరేష్‌ను పిలిపించాడు. మా చుట్టుపక్కల పద్య నాటకాల్లో దుర్యోధనుడంటే ఈరేషే. హోటలు యజమాని వేషానికి ఒప్పుకున్నాడు గానీ, పద్యం లేకుండా స్టేజీ ఎక్కనన్నాడు. శేఖర్ రాసి ఇచ్చాడు. నీళ్లు పోస్తూ మా పుట్టుకను ఎగతాళి చేసే పద్యం.

పత్తి మిల్లులో షిఫ్టు దిగి రిహార్సల్‌కు వచ్చేదాన్ని. మొదటి రోజే అడిగాను.

"పద్యం వానికిచ్చి నాకు దోసిలి మిగిలిచ్చినావా అన్నా?"

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే నువ్వేలే," అని నవ్వాడు శేఖర్. "పద్యం వింటే జనానికి వాని మీద కోపమొస్తాది సంతోషీ."

అమ్మ రానని మొండికేసింది. "ఆ దోసిలి మళ్లా సూడలేను," అంది. "కడాకు గ్లాసు తీసుకుంటా గదా, అది సూద్దువు రా," అని బతిమాలి నేనే బస్సెక్కించాను. అందుకే ఆ సాయంత్రం నా కళ్లు అమ్మ మీదే ఉన్నాయి. అమ్మ మధ్యలో తల దించుకుని బయటికి నడిచిందంటే ఈ నాటకం ఎవరి కోసం వేసినట్టు?

హాలు నిండింది. రెండో రంగంలో నేను మోకాళ్ల మీద కూర్చుని దోసిలి పట్టాను. ఈరేష్ చెంబు ఎత్తి రాగం తీశాడు. ఆ గొంతు గొప్పది, అబద్ధమెందుకు. పద్యం ముగిసేసరికి ఈలలు, పైకి లేచిన సెల్‌ఫోన్లు. "వన్స్ మోర్" అని ఒకడు అరిచాడు. తర్వాత హాలంతా అదే కేక.

మా వైపు పద్యానికి వన్స్ మోర్ పడితే మళ్లీ పాడి తీరాలి. హార్మోనియం మొదటికి పోయింది. ఈరేష్ చెంబు నింపుకున్నాడు. నేను మళ్లీ దోసిలి పట్టాను. నీళ్లు మోచేతుల మీదుగా కారి చీరంతా తడిసింది. మళ్లీ వన్స్ మోర్. ఈసారి అరిచినవాళ్లలో మా గేరి మగవాళ్లూ ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ముందు వరసలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

నేను లేచి నిలబడ్డాను.

"కూసోమ్మా, జనం అడుగుతాండారు," అన్నాడు ఈరేష్ మెల్లగా.

"వాళ్లు అడిగేది నీ పద్యమే గదన్నా. నువ్వు కూసొని పాడు. నేను పోస్తా," అని చెంబు లాక్కున్నాను.

తెర చాటు నుంచి శేఖర్ చేతులు ఊపుతున్నాడు. పట్టించుకోలేదు. వన్స్ మోర్‌ను ఏనాడూ కాదనని మనిషి ఈరేష్. జనాన్ని చూశాడు, నన్ను చూశాడు, కూర్చుని దోసిలి పట్టాడు. అవే మాటలు ఎత్తుకున్నాడు. కానీ దోసిలి పట్టుకుని ఆ మాటలు అనడం ఎవరి వల్లా కాదు. రెండో పాదం దగ్గర పద్యం ఆగిపోయింది. హార్మోనియం కాసేపు ఒంటరిగా మోగి అదీ ఆగింది.

నేను మాత్రం ఆపలేదు. కసి తీరా పోస్తూనే ఉన్నాను. నీళ్లు ఆయన మీసాల మీద, సిల్కు జుబ్బా మీద పడుతుంటే నాకు హాయిగా ఉంది. ఇంకో చెంబు ముంచాను.

"సంతోషీ."

అమ్మ లేచి నిలబడింది. ఆమె మామూలు గొంతే అందరికీ వినబడింది.

"సాలు. ఆయప్పకు గ్లాసులో ఇయ్యి. అట్ల పోస్తే నీళ్లు గొంతు దిగవు. నాకు తెలుసు."

చివరి రంగం కోసం పెట్టిన గ్లాసు తీసి నింపాను. ఈరేష్ లేచి చెయ్యి చాపాడు. నాకు ఇవ్వాలని లేదు. అమ్మ ఇంకా నిలబడే ఉంది, అందుకని ఇచ్చాను.