పల్చటి ముక్క

అయినా ఆ అమ్మాయి చెయ్యి ఈసారి ఎందుకు వణకడం లేదు? పోయిన ఏడాది ఇదే బల్ల దగ్గర వేలు కోసుకుని, ప్రాక్టికల్స్ తప్పి వెళ్లిపోయిన పైడితల్లే కదా ఈమె.

నేను ఒక మడత కత్తిని. ఎవరు సాన పట్టి పుట్టించారో గుర్తు లేదు. పెరిగింది మాత్రం విజయనగరంలో ఒక సెలూన్‌లో. మనుషులు కళ్లు మూసుకుని గొంతు నాకు అప్పగించేవారు. ఆ క్షణాల్లో నాలో ఏం మెదిలేదో నాకు తెలుసు. అందుకే ఎవరినీ నమ్మను. బ్లేడులు వచ్చాక నన్ను డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్రం ల్యాబ్‌కి ఇచ్చేశారు. ఇక్కడ నా పని కాండాలను పొరలుగా కోయడం. వెలుగు దూరేంత పల్చగా ఉంటేనే మైక్రోస్కోపు కింద కణాలు కనిపిస్తాయి.

ఈ రోజు పరీక్షలో పైడితల్లికి పారిజాతం కొమ్మ వచ్చింది. ఈసారీ తప్పితే డిగ్రీ లేదు, బీఈడీ సీటూ లేదు.

అటెండర్ ఎర్రినాయుడు బల్ల తుడుస్తున్నట్టు వంగాడు. "తల్లీ, బీరువాలో దీనిదే పాత స్లైడొకటుంది. అట్టుకొచ్చీమంటావేటి?"

"వద్దు బాబాయ్. నాను కోసుకుంతాను."

"పోయినేడూ కోసుకున్నావు కాదేటి, ఏలు!"

ఆమె నవ్వింది. ఆ నవ్వు మీదా నాకు అనుమానమే. వద్దన్నవాళ్లు కాసేపటికి చెయ్యి చాచడం ఎన్నిసార్లు చూడలేదు?

నన్ను నీళ్లలో తడిపి, కొమ్మ మీదుగా ఒక్క ఊపున తనవైపు లాగింది. మందం. మళ్లీ లాగింది. మళ్లీ మందమే. ఇరవై, ముప్పై ముక్కలు గాజు గిన్నెలో తేలాయి. స్పష్టంగా కనిపించేవన్నీ వదిలేసి, నీళ్లలో ఉందో లేదో తెలియని ఒకదాన్ని కుంచెతో ఎత్తింది. పిచ్చిపిల్ల అనుకున్నాను. ఎర్రరంగులో ముంచి, స్లైడు మీద గ్లిజరిన్ చుక్కలో పెట్టి, పైన గాజురేకు వాల్చింది.

పరీక్ష పెట్టడానికి వేరే ఊరి నుంచి వచ్చిన విశాలాక్షి మేడమ్ మైక్రోస్కోపులోకి చాలాసేపు చూసింది. "ఎవరిచ్చారిది?"

"నేనే కోసానండి."

"అందరూ అదే అంటారు. ఇంత పల్చగా మా ఎమ్మెస్సీ పిల్లలే కొయ్యలేరు. ఏమయ్యా, నువ్విచ్చావా?"

ఎర్రినాయుడు గుడ్డ పిండుతూ తల అడ్డంగా ఊపాడు. అతని మొహం చూస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. మేడమ్ మార్కుల కాగితం లాక్కుని పెన్ను మూత తీసింది. నాకు నోరుంటే నిజం చెప్పేదాన్నా? ఏమో. పొద్దుటి నుంచీ ఆ అమ్మాయిలో నేను వెతికిన కపటం నాదేనేమోనని మొదటిసారి అనిపించింది.

బీరువాలోని స్లైడుల మీద గాజురేకు బంకతో ఎప్పుడో అతుక్కుపోయి ఉంటుంది. గోరుతో నెట్టినా కదలదు. పైడితల్లి సూది అందుకుని, మేడమ్ చూస్తుండగానే, తన గాజురేకును మొనతో మెల్లిగా పక్కకి జరిపింది.