రాడ్డుకు పసుపు

"ఆ రాడ్డు విరిగితె బండిల కూసున్నోనికి తగుల్తదా బిడ్డా?"

టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ సారవ్వ అడిగింది. కొడుకు ముఖం వైపు మాత్రం చూడలేదు. వీరేందర్ చాయ్‌లో రస్కు ముంచుకుంటున్నాడు.

"విరిగెటియి పాతయమ్మా. గవ్వి తీసేసిన. టర్బో పెట్టి జోరు పెంచితె ఆ రాడ్లు తట్టుకోవు, వంగుతయ్. ఇవి అట్ల గాదు. ఎర్రగ కాల్చి, దెబ్బల కింద అణచి చేసినయ్."

"మరి వీటికేం గాదా?"

"శుభ్రంగ బిగిస్తె ఏం గాదు. నువ్వు పో, బస్సు పోతది."

శుభ్రంగా అన్న మాట దగ్గర సారవ్వ బిగిసిన మూతనే మళ్ళీ నొక్కింది. సంచి భుజాన వేసుకుని బయటపడింది.

గోదావరిఖని రోడ్డు మీద బొగ్గు లారీలు అప్పటికే వరుస కట్టాయి. గనికి పోయే కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె కుడిచేతి బొటనవేలు చూసుకుంది. గోటి సందున పసుపు ఇంకా పోలేదు. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా అంతే.

సంగతి ఇది. మంథనికి చెందిన ఋషికేశ్ అనే అబ్బాయి తన కారును వీరేందర్‌కు అప్పజెప్పాడు. అంత ఖరీదైన ఇంజను వీరేందర్ మెకానిక్ షెడ్డుకు రావడం అదే మొదటిసారి. ఇది నిలబడితే హైదరాబాద్ నుంచి కూడా బండ్లు వస్తాయని వీరేందర్ ఆశ. షెడ్డు నిండా బొగ్గు దుమ్ము కాబట్టి ఇంజనులో పిస్టన్లకు తగిలించే కొత్త రాడ్లను ఇంటికి తెచ్చి, పెట్రోలుతో కడిగి, వాటి గుండ్రటి కడుపులో రేకులాంటి బేరింగులు అమర్చి, తెల్లగుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టాడు. "ముట్టకు అమ్మా, వెంట్రుక గూడ పోవద్దు వీటిలకు," అన్నాడు.

ఆమె ముట్టింది. గనిలో కొత్త మోటారు దించినా, కొత్త ఇనుప తాడు వేసినా ముందు గని దేవత మైసమ్మ ఎదుట పెట్టి పసుపు కుంకుమలు పెట్టనిదే ఎవరూ చెయ్యి వేయరు. మనిషి ప్రాణం ఆనుకునే ఇనుము ఏదైనా అంతే కదా. వాడి బండికి మాత్రం ఎందుకు వద్దు? ఒక రాడ్డును టిఫిన్ డబ్బా కింద దాచి గని దగ్గరికి తీసుకుపోయింది. మైసమ్మ గద్దె మీద పెట్టి, పసుపు నీళ్ళతో కలిపి నిండుగా రాసింది. తిరిగి కొంగుతో తుడుస్తుంటే ఆ రేకు అంచు వెంట సన్నగా పచ్చటి గీత కనిపించింది. గోటితో గీకింది. గీకిన కొద్దీ అది లోపలికే పోయింది.

ఆ సాయంత్రమే వీరేందర్ రాడ్లను ఇంజనులో బిగించాడు. పైపైన నూనె రాసి, లోపలి రేకు కదపకుండా బిగిస్తుంటే సారవ్వ పక్కనే నిలబడి చూసింది. నోరు పెగలలేదు.

ఆ నోటికి అదొక రోగం. మంచినీళ్ళు తాగినా పొలమారుతుందేమోనని భయపడే మనిషే, పెద్ద భయం వస్తే మాత్రం ఒక్క మాట పైకి అనదు. అది పట్టింది భర్త రఘుపతి పోయినప్పుడు. అతను చివరిసారి డ్యూటీకి పోయిన రోజు "ఇయ్యాల పోకయ్యా, పైకప్పు మంచిగ లేదన్నవ్ గదా," అంది. అతను నవ్వి బొగ్గుబాయి దిగాడు. గని పైకప్పు కూలింది. దినాలు కాకముందే అత్త పూలమ్మ వాకిట్లో నిలబడి, "నీ నోటి మాటనే తాకింది వానికి," అంది. భర్త ఉద్యోగం కింద సారవ్వకు, బాయి దిగేవాళ్ళకు తలదీపాలు ఇచ్చే ల్యాంపు రూములో పని ఇచ్చారు. అత్త పోయి చాలాకాలమైంది. ఆ మాట మాత్రం పోలేదు.

ల్యాంపు రూము కిటికీ ముందు మొదటి షిఫ్టు వాళ్ళు నిలబడ్డారు. ఒక్కొక్కరు తమ నంబరు బిళ్ళ ఇస్తే, ఆమె ల్యాంపు వెలిగించి చూసి, చేతికిచ్చి "పైలం" అంటుంది. అట్లా జాగ్రత్త చెప్పమని కంపెనీ అనలేదు. సన్నటి మనిషి, ఖాకీ చొక్కా చీర మీద వదులుగా వేలాడుతుంది. పాతకాలపు బరువైన బ్యాటరీలు ఎత్తీ ఎత్తీ కుడి భుజం కిందికి వాలింది. వేళ్ళ మీద యాసిడ్ మచ్చలు బియ్యపు గింజల్లా మిగిలాయి.

ఆగయ్య ల్యాంపు తీసుకుని కదలకుండా నిలబడ్డాడు.

"ఏమాయె కాకా?"

"అందరికి పైలమంటివి. నేనేమన్న బాకీ ఉన్ననా?"

"మర్సిపోయిన. పైలం."

వెనక నుంచి సదయ్య అందుకున్నాడు. "ఆయన్ని మర్సిపోయినా ఫరక్ లేదక్కా. ఆయన బాయిల కంటె క్యాంటిన్లనే ఎక్కువుంటడు."

అందరూ నవ్వారు. సారవ్వ కూడా నవ్వినట్టు పెదవులు కదిలించింది. బండి పరీక్ష సాయంత్రం కదా, ఇంటికి పోగానే చెప్పాలి, ఏదో ఒకటి చెప్పి ఆపాలి అనుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు, అప్పుడే బజారుకు పోయి వచ్చిన తోటి ఉద్యోగిని యమున అంది. "నీ కొడుకును చౌరస్త కాడ చూసిన అక్కా. నీలం కార్ల పోతున్నడు. ఏం చప్పుడే అది, పులి గుర్రుమన్నట్టున్నది."

సారవ్వ చేతిలో ముద్ద డబ్బాలోనే పడింది. గది వెనక్కి పోయి ఫోను చేసింది. మోగి మోగి ఎత్తాడు.

"బసంత్‌నగర్ దాటినమమ్మా. ఋషికేశ్ సార్ తోలుతున్నడు. సాయంత్రం ట్రాఫిక్ ఉంటదని జల్ది వచ్చినం. ఇగ గట్టిగ తొక్కి చూస్తం, మల్ల చేస్త."

"ఆపుండ్రి."

"ఏంది?"

"బండి ఆపుండ్రి బిడ్డా. నేను రాడ్డుకు పసుపు పూసిన. మైసమ్మ కాడికి తీస్కపోయిన. ఆ రేకు సందులకు పోయింది. తుడిచిన గని పోలే."

అవతల ఇంజను చప్పుడు వినిపించింది. ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత స్విచాఫ్ వచ్చింది.

వదిలేసి పరుగెత్తాలనిపించింది. కానీ పైకి వచ్చేవాళ్ళ ల్యాంపులన్నీ కొక్కేలకు ఎక్కితే గానీ ఆమె కదలడానికి లేదు. నల్లటి ముఖాలతో ఒక్కొక్కరు వచ్చారు. ఆమె ల్యాంపు తీసుకుని బిళ్ళ తిరిగి ఇచ్చింది. అందరూ వచ్చారు, ఆగయ్య కూడా వచ్చాడు. తనవాడి సంగతి చెప్పేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఆటో దిగి చూస్తే నీలం కారు షెడ్డులోనే ఉంది. ముందు చక్రాలు గాలిలో ఉన్నాయి. కింద నుంచి వీరేందర్ కాళ్ళు కదులుతున్నాయి. సారవ్వ గుంజను పట్టుకుని అట్లాగే నిలబడింది.

కాసేపటికి వీరేందర్ బయటికి వచ్చాడు. అరచేతిలో వంపు తిరిగిన రేకు ఉంది. రేకు నున్నటి వైపు ఒకచోట బిళ్ళంత మేర గీసుకుపోయి రాగి రంగు తేలింది. తిప్పితే వెనక, సరిగ్గా అదే చోట, పసుపు గట్టి పొక్కులా అంటుకుని ఉంది.

ఋషికేశ్ వంగి చూశాడు. "ఇదేమిటి వీరేందర్?"

"నేనే మంచిగ చూసుకోలే సార్."

సారవ్వ నోరు తెరవబోయింది. కొడుకు ఆమె వైపు ఒక్కసారి చూశాడు. ఆమె ఆగిపోయింది.

"నువ్వు అప్పుడే ఆపించావు కాబట్టి సరిపోయింది. ఇంకొంచెం దూరం తొక్కి ఉంటే?"

"రాడ్డు ఇంజన్ పలగొట్టుకొని బయటికొస్తుండె."

ఋషికేశ్ అరవలేదు. అరిచినా బాగుండేది. "హైదరాబాద్‌లోనే చేయించుకోమని నాన్నగారు చెప్పారు. ఇక్కడి కుర్రాడే, పనితనం ఉంది అని నేనే వాదించాను," అని పక్కకు పోయి ఫోను చేసుకున్నాడు. కారును ఎక్కించుకుపోయే లారీ వచ్చింది. విప్పిన సామానంతా వీరేందర్ తుడిచి, సంచిలో పెట్టి ముందు సీటులో ఉంచాడు. ఇంజను విప్పి ఉండగానే కారును గొలుసులతో కట్టి తీసుకుపోయారు. రాజీవ్ రహదారి వైపు మలుపు తిరిగేదాకా వీరేందర్ చూస్తూనే ఉన్నాడు.

తర్వాత లోపలికి వచ్చి పానాలు తుడవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటి తుడిచి గోడకు తగిలిస్తున్నాడు. సారవ్వ పాత టైరు మీద కూర్చుంది.

"కోపమున్నదా బిడ్డా?"

వీరేందర్ చేతిలోని పానాను గోడకు తగిలించాడు.

"తిట్టరాదు. తిడితె నాక్కొంచెం పానం నిమ్మలమైతది."

అతను ఇంకో పానా తీసుకున్నాడు. రోడ్డు మీద కంపెనీ బస్సు పోయింది, దాని దుమ్ము వచ్చి షెడ్డులో పడింది. ఎదురుగా మిర్చి బండి వాడు పొయ్యి అంటించాడు. పానాలన్నీ గోడకెక్కాయి. వీరేందర్ చేతిగుడ్డను విదిలించి, మడత పెట్టి, మళ్ళీ విప్పాడు. ఆమె అడిగి ఎంతసేపయిందో, తాను అడిగిన సంగతి ఆమే మర్చిపోయి లేవబోతుంటే, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"చెప్పినవ్ గదా అమ్మా."

కారు నిలబడిన చోట, దాని ఇంజను నుంచి దించిన కొత్త ఆయిల్ రేకుతట్టలో అట్లాగే ఉంది, ఇంకా నల్లబడలేదు.