బాలింత బట్టలు

బొమ్మ చచ్చిపోయింది. గోడకున్న తెర మీద గుండె గీత చదునుగా సాగిపోతూ ఒకటే కూత పెడుతుంటే, మంచం చుట్టూ నిలబడ్డ ఐదుగురూ వంగి దాని కిందికి చూశారు. కాన్పయి ఇరవై నిమిషాలు కూడా కాలేదు. మంచం మీది గుడ్డ మల్లెపూవులా తెల్లగా ఉంది. మరి మనిషి ఎందుకు పోయినట్టు?

మనిషంటే నిజం మనిషి కాదు లెండి. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీదున్న ఒక మెడికల్ కాలేజీలో, డాక్టర్లకూ నర్సులకూ చేయి తిరగడానికని పెట్టిన శిక్షణ గదిలో రబ్బరు బాలింత. ఊపిరి తీస్తుంది, మూలుగుతుంది, పక్కగదిలోంచి మీట నొక్కితే ఎర్రనీళ్ళు కారుస్తుంది. దీని ప్రాణం కాపాడటం నేర్చుకున్నాకే బతికున్నవాళ్ళ జోలికి వెళ్ళమని అక్కడి పద్ధతి. మంచి పద్ధతే. బొమ్మ చస్తే ఎవరి కొంపా మునగదు.

ఆ బొమ్మకు తల్లి వేషం పద్మమ్మది. మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి నుంచి షేర్ ఆటోలో వస్తుంది. రోగుల బంధువుల వేషాలు వేసే ఈ పనిలో చేరి ఇది నాలుగో రోజు. మొదటి మూడు రోజులూ గుండెపోటు వచ్చిన ముసలాయన బొమ్మకు పెళ్ళాంగా ఏడ్చింది. ఆ ఏడుపుకు ఒక కుర్ర డాక్టరు ఇవ్వాల్సిన మందు పేరే మరిచిపోయాడు. ఇవాళ ఆమెను బాలింత గదికి వేశారు. మూడేళ్ళ కిందట ఆమె పెద్దబిడ్డ ఎస్తేరు ఒక నర్సింగ్‌హోంలో కొడుకును కని, రెండు గంటలకే రక్తం పోయి చనిపోయింది. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. చెప్పి తప్పుకుందామనే అనుకుంది. కానీ షాబాద్ వైపు దవాఖాన నుంచి శిక్షణకు వచ్చిన జట్టులో, ముందు నిలబడ్డ నర్సును చూసి ఆగిపోయింది.

శిరీష! ఎస్తేరు పోయిన రోజు ఆ గదిలో డ్యూటీ ఈ పిల్లదే.

"నా బిడ్డను సూడకుండ సంపినవ్" అని నర్సింగ్‌హోం వరండాలో పద్మమ్మ ఆ రోజు ఈమె జుట్టు పట్టుకుంది. భర్త ప్రేమదాసు, చుట్టాలు కలిసి నానా రభస చేస్తే, సాయంత్రానికల్లా శిరీషను పనిలోంచి తీసేశారు. అంతటితో చల్లారిందా అంటే అదీ లేదు. మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ప్రార్థనలో పద్మమ్మ కళ్ళు మూసుకొని అడిగేది ఒక్కటే: ఆ నర్సుకు నువ్వే బుద్ధి చెప్పు తండ్రీ. ఇవాళ ఆ తండ్రే ఆమెను తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. ఎంత చేతకానిదో నలుగురి ముందూ తేలిపోవాలని పంతం పట్టి పద్మమ్మ గదిలోకి వెళ్ళింది. శిరీష ఆమెను గుర్తుపట్టి తల దించుకుంది.

శిక్షణ నడిపేది డాక్టర్ సింధుజ. ఎప్పుడు అరవాలో, ఎప్పుడు ఏడవాలో రోజూ కాగితం మీద రాసి పద్మమ్మకు చదివి వినిపిస్తుంది. ఇవాళ ఆ కాగితం లేదు.

"పద్మమ్మా, ఇయ్యాల నేనేం చెప్ప. ఇది నీ సొంత బిడ్డే అనుకో. నీ బిడ్డకు ఎట్ల చేస్తవో గట్లనే చెయ్యి. బట్టలు గిట్ల గావాలంటే ఆ షెల్ఫ్‌ల ఉన్నయ్," అంది.

పద్మమ్మ అలాగే చేసింది. బొమ్మ చచ్చిపోయింది.

ఇప్పుడు అందరినీ పక్కగదిలో కూర్చోబెట్టారు. పద్మమ్మ కుర్చీ అంచున కూర్చొని శిరీష మొహమే చూస్తోంది. కడుపు చల్లబడ్డట్టుగా ఉంది. చూశారా, మళ్ళీ చంపింది!

"బీపీ పడిపోతుంటే ఏమనుకున్నరు?" సింధుజ అడిగింది.

"నీరసం అనుకున్న మేడం." శిరీష లేచి నిలబడింది. "రెండుసార్లు పోయి సూసిన. బట్ట పొడిగనే ఉన్నది. రక్తం ఎక్కువ పోతున్నదా అని తల్లిని గూడ అడిగిన. బాలింతకు పోయేదే గద సిస్టర్ అన్నది."

"మేం పంపిన ఎర్రనీళ్ళు లీటరున్నర. యాడికి పోయింది మరి?"

సింధుజ గోడ మీద వీడియో పెట్టింది.

తెర మీద పద్మమ్మ కనిపించింది. నర్సు అటు తిరగ్గానే బొమ్మ కింద తడిసిన గుడ్డ లాగేసి, చుట్ట చుట్టి, చెంగు చాటున స్నానాలగదిలోకి తీసుకెళ్ళింది. పొడి గుడ్డ పరిచి అంచులు సర్దింది. మగ డాక్టరు తలుపు తోసేసరికి రెండోదీ మార్చేసి, బొమ్మ కాళ్ళ మీద దుప్పటి కప్పి ఒద్దికగా నిలబడింది. ఆయన వెళ్ళగానే మూడోది. చేతులు ఎక్కడా తడబడలేదు.

ఇది ఆమెకు ఈ గదిలో ఎవరూ నేర్పలేదు. అత్త నేర్పింది, అత్తకు ఆమె అత్త నేర్పింది. బాలింత బట్ట మగవాడి కంట పడకూడదు. పడితే తల్లికి తలవంపులు.

"చూసిన్రా!" సింధుజ సంబరంగా లేచింది. "ఇది ఏ పుస్తకంల లేదు. రక్తం ఎంత పోయిందో మనం బట్ట చూసి అంచనా కడతం. తల్లి ప్రేమతోని ఆ బట్ట తీసేస్తే మనకేం తెలుస్తది? ఒక్క బట్ట గూడ పారెయ్యొద్దు, సిస్టర్‌కు చూపియ్యాలె అని తల్లులకు ముందే చెప్పాలె. మనం గూడ బట్ట చూసి ఊకోవద్దు, ఎన్ని మార్చిన్రో అడగాలె, గర్భసంచి గట్టిపడ్డదో లేదో కడుపు మీద చెయ్యి పెట్టి చూడాలె. పద్మమ్మా, శభాష్! ఎంత మంచిగ చేసినవ్!"

అందరూ చప్పట్లు కొట్టారు.

పద్మమ్మకు అవేవీ వినపడలేదు. తెర మీద ఆగిపోయిన దృశ్యంలో తన చేతులు, ఆ చేతుల్లో ఎర్రటి చుట్ట. మంచం మీద ఉన్నది బొమ్మ కాదు, ఎస్తేరు. "కింద తడి అయితున్నదే అవ్వా" అంటోంది. "ఏం గాదు బిడ్డా, సార్ వస్తుండు, జర ఓర్సుకో" అంటూ తాను గుడ్డ మారుస్తోంది. పిల్ల పెదవులు పాలిపోతే నీరసమనుకొని చాయ్ తాగించింది. తడిసినవన్నీ ఉతికి, పిండి, కిటికీ కమ్మీలకు ఆరేసింది కూడా. తల్లంటే గిట్లుండాలె అని చుట్టాలు మెచ్చుకున్నారు. దేవుడా, మూడేళ్ళుగా ఎవరి పేరు నీకు చెప్పాను?

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఇంట్లో ప్రేమదాసు అన్నం ముందు కూర్చొని ఎప్పటిలాగే ఆ నర్సును తిడతాడు, తాను ఊ కొడితే సరిపోతుంది. చెబితే మాత్రం ఆయన ముందు, అల్లుడి ముందు, రేపు ఆ పసివాడు పెద్దయ్యాక వాడి ముందు ఏ మొహం పెట్టుకొని నిలబడుతుంది? పద్మమ్మ బయటికి పోదామనే లేచింది. కానీ శిరీషను దాటి పోలేకపోయింది. ఆమె కుర్చీ ముందు ఆగింది.

శిరీష చప్పున రెండు చేతులతో జుట్టు పట్టుకొని వెనక్కి జరిగింది.

"నువ్వు అడిగినవ్," అంది పద్మమ్మ. "ఆ దినం గూడ అడిగినవ్, రక్తం ఎక్కువ పోతున్నదా అని. నేనే లేదన్న. మా ఎస్తేరుకు గూడ గిట్లనే మార్చిన సిస్టర్. నువ్వు రాకముందు, సార్ రాకముందు, గిట్లనే మార్చిన."

సింధుజ తెర ఆర్పేసింది.

శిరీష కళ్ళెత్తి చూసింది. జుట్టు మీంచి చేతులు తీసింది.

"ఎన్ని బట్టలు అవ్వా?"

"తొమ్మిది."

"నేను ఒక్కటే సూసిన," అంది శిరీష. "కేస్ షీట్ల గూడ ఒక్కటే రాసిన."