పగలోళ్ళు

చిత్తూరు నుంచి పుత్తూరు పోయే రోడ్డు పక్కన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. పొద్దున్నే ఆడవాళ్ళు గేటు ముందు వరసగా నిలబడి రెండు చేతులూ ముందుకు చాపాలి. చేతికి పుండు ఉంటే లోపలికి పోనివ్వరు, గుజ్జు చెడిపోతుందట. బెంగళూరా రకం మామిడికాయల సొన తగిలి పుండు పడేది ఆ ఫ్యాక్టరీలోనే, పుండు పడిందని గెంటేసేది ఆ గేటులోనే. వాళ్ళ న్యాయం అట్లా ఉండేది.

జూన్ నెలలో ఒకనాడు ముసలి పోలేరమ్మ చేతులు చూసి మేనేజరు ఆమెను భుజం పట్టి తోశాడు. ఆమె పోయి కంకర మీద పడింది. మేనేజరు ఉత్తరాదివాడు. తెలుగు రాదు, నేర్చుకోవాలన్న పట్టింపూ లేదు. నోట్లో పాన్ ఒక దవడ నుంచి ఇంకో దవడకు తోసుకుని, మిగిలినవాళ్ళ వైపు చెయ్యి విసిరి, "పాగల్... చలో చలో" అన్నాడు. అందరూ లోపలికి పోయారు. పోలేరమ్మను లేపడానికి ఎవరూ ఆగలేదు. ఆగితే ఆ రోజు పని పోతుంది.

రోజూ అతను అనే మాట అదే. పగటి షిఫ్టుకు వచ్చేవాళ్ళం కాబట్టి పగల్ అంటున్నాడని ఆడవాళ్ళు అనుకున్నారు. తెలుగులోనూ పగలే, అరవంలోనూ పగలే, ఆ చుట్టుపక్కల రెండూ మాట్లాడేవాళ్ళే. మాట సాగదీస్తే పాన్ నములుతున్నాడు కాబోలనుకున్నారు. వాడికి మన మాట ఒక్కటైనా వచ్చిందని మురిసినవాళ్ళు కూడా ఉన్నారు. "మేం పగలోళ్ళం" అని రాత్రి షిఫ్టు వాళ్ళ దగ్గర గొప్పలు పోయేవాళ్ళు.

సుబ్బులమ్మ మాత్రం మురవలేదు. ఆమెకు అనుమానాల సుబ్బులమ్మ అని పేరు. పాలు తెల్లగా ఉన్నా వేలు పెట్టి చూసే రకం. "పగలోళ్ళు రాండి అని పిలిచేదానికి మొగం అట్ల పెట్టాల్నా?" అనేది. "నీకు దేవుడు ప్రత్యక్షమైనా ఆధారం అడుగుతావు మే" అని తోటివాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆమె కూతురు ఎస్తేరు. మిషనాసుపత్రిలో పుట్టినందుకు అక్కడి నర్సమ్మ పెట్టిన పేరు. హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే అమ్మకు సంగటి తెచ్చి ఇస్తుంది. ఒకనాడు గేటు దగ్గర మేనేజరు మాట ఆ పిల్ల చెవిన పడింది. సాయంత్రం కొళాయి దగ్గర చెప్పింది.

"అమ్మా, అది పగలు గాదు. పాగల్. హిందీలో పిచ్చోళ్ళు అని."

"నిజింగానా మే?" అంది పక్కనున్న పోలేరమ్మ.

"శకుంతలమ్మ టీచరు చెప్పిన హిందీ పాఠంలోనే ఉండాది అవ్వా."

"థూ, వాని నోట్లో మన్ను పడ. పిచ్చోళ్ళని పిలిస్తే నవ్వుకుంటా పోతిమి గదే."

సుబ్బులమ్మకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. నిండిన బిందె అక్కడే వదిలి ఇంటికి పోయింది. మరునాడు గేటు దగ్గర మేనేజరు ఆ మాట అనగానే ఆగి, కూతురు నేర్పినట్టే, "పాగల్ నహీ" అంది. ఆమె వెనకున్నావిడ కూడా అదే అంది. ఆ వెనకావిడ కూడా. మేనేజరు పాన్ నమలడం ఆపేశాడు. ఆ రోజు ఎవరి చేతులూ తిరగేసి చూడలేదు. ఆ సాయంత్రం నుంచి కొళాయి దగ్గర ఎస్తేరు చుట్టూ ఆడవాళ్ళు మూగేవాళ్ళు. వాడు ఇది అన్నాడు, దానికేం అర్థం? అది అన్నాడు, దానికేం అర్థం?

వారం తిరక్కుండానే ఊళ్ళోకి మైకు కట్టిన జీపు వచ్చింది. జీపు దేవరాజులుది. ఫ్యాక్టరీ ఆయనదే, హైస్కూలు కమిటీ ప్రెసిడెంటూ ఆయనే. జీపులోంచి తిరుపతి కాలేజీ విద్యార్థులు దిగారు. వాళ్ళ నాయకుడు జయరావు ఈ ఊరివాడే, పోలేరమ్మ మనవడు. బడి ముందు గుడ్డ కట్టారు. దాని మీద "మూడో భాష మనకొద్దు" అని రాసి ఉంది. సర్కారు కాగితాల్లో హిందీ ఎన్నోదైనా, పిల్లలకు మాత్రం తెలుగూ ఇంగ్లీషూ అయ్యాక వచ్చి నెత్తిన కూర్చునే మూడో భాష అది.

"ఇంట్లో దీపం లేనోనికి మూడు భాషలెందుకప్పా?" అన్నాడు జయరావు మైకులో. "ఢిల్లీ వోడు మన నెత్తిన రుద్దుతా ఉండాడు. మన బిడ్డలు నోరు తిరక్క తన్నులు తింటా ఉండారు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. అందులో అబద్ధం లేదు. హిందీ పీరియడ్‌లో బెత్తం దెబ్బలు తినలేక బడి మానేసినవాళ్ళు ఆ వాడలోనే ఉన్నారు. జయరావు ఒళ్ళు మండే మాట్లాడాడు. కానీ తర్వాత మైకు అందుకున్నది దేవరాజులు. మన తెలుగు, మన తల్లి భాష అంటూ గొంతు గద్గదం చేసుకుని, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. వాన కురుస్తుంటే గొర్రెలు తడుస్తున్నాయని తోడేలు ఏడ్చిందట.

గోడ వారన నిలబడిన సుబ్బులమ్మ కళ్ళు చిట్లించి చూసింది. "ఊరక రారు మహానుభావులు" అంది పక్కావిడతో.

మరునాటి నుంచి హిందీ పీరియడ్ లేదు. పిల్లలే బహిష్కరించారని హెడ్మాస్టరు అన్నాడు. శకుంతలమ్మ టీచరును ఇంటి దగ్గరే ఉండమన్నారు. సాయంత్రం జయరావు కొళాయి దగ్గరికి వస్తే సుబ్బులమ్మ అడ్డం నిలబడింది.

"ఏమబ్బోడా, దేవరాజులుకు మన బిడ్డల మింద ఎప్పుట్నించి ఇంత ప్రేమ?"

"ఆయనది ప్రేమ గాదులే అత్తా. ఓట్లు. ఆయన జీపు మనం వాడుకుంటా ఉండాం, అంతే."

"నువ్వు వాడుకుంటా ఉండావా, ఆయన నిన్ను వాడుకుంటా ఉండాడా? ఆయన బిడ్డలు మద్రాసు కాన్వెంట్లో హిందీ సదవతా ఉండారంట. వాళ్ళకి బరువు గాంది మనకెందుకు బరువైంది?"

జయరావు ముఖం ఎర్రబడింది. "ఈ మాటలు టీచరమ్మ నీకు ఎక్కించిందా? ఉద్యోగం పోతాదని ఆమెకు భయం. ఢిల్లీ వోడు రుద్దేదాన్ని నువ్వు మోస్తావా?"

"ఢిల్లీ వోడు నాకు తెలీదు నాయనా. గేటు కాడుండేవోడు తెలుసు. మీ అవ్వను తోసినోడు."

జయరావు వెళ్ళిపోయాడు. ఆ రాత్రి సుబ్బులమ్మ టీచరునూ అనుమానించింది, జయరావునూ అనుమానించింది. చివరికి తననే అనుమానించింది. మన బిడ్డ చదువుకు గొప్పలు పోయి కళ్ళు మూసుకుపోయాయేమో అనుకుంది.

రెండు రోజులకు ఎస్తేరు సంగటి గిన్నెతో వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. కాయలు ఉడికించే ఆవిరి బాయిలరు దగ్గర దాన్ని నడిపే బిహారు మేస్త్రీ మేనేజరుతో గట్టిగా మాట్లాడుతుంటే విన్నదట.

"ఫట్ జాయేగా అన్నాడు మేస్త్రీ, అమ్మా. పగిలిపోతాది అని. సీజన్ ఖతమ్ హోనే దో అన్నాడు మేనేజరు. సీజను అయిపోనీ అని."

సుబ్బులమ్మ ముద్ద గిన్నెలోనే పెట్టేసింది. కాయలు కోసేవాళ్ళంతా బాయిలరుకు ఇవతల గోడ ఆనుకునే కూర్చుంటారు. తనూ అక్కడే కూర్చుంటుంది. పోయినేడు ఆవిరి గొట్టం ఊడి ఒకామె చెయ్యి ఉడికిపోయింది. ఎముక విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకోవచ్చు. ఒళ్ళు ఉడికితే కట్టేవాళ్ళు ఎవరున్నారు?

సాయంత్రం జయరావుకు చెబితే అతను నమ్మలేదు. "చిన్న పిల్ల. ఒకటి వినింటే ఇంకొకటి అనుకోనింటాది."

"అయితే నువ్వే పోయి అడుగు" అంది సుబ్బులమ్మ.

తల్లీకూతుళ్ళతో కలిసి జయరావు పోయేసరికి టీ బంకు దగ్గర బిహారు మేస్త్రీ ఒక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. జయరావు ఎదురుగా నిలబడ్డాడు, నోరు తెరిచాడు. ఒక్క హిందీ మాట రాలేదు. గుడ్డ మీద రాసిన రంగు ఇంకా అతని గోళ్ళలో ఉంది. చివరికి ఎస్తేరు వైపు తిరిగి, "నువ్వే అడుగమ్మా" అన్నాడు.

ఎస్తేరు అడిగింది. మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. ఈ పిల్లను ఎవరు పంపారోనని అతనికీ అనుమానమే. సుబ్బులమ్మ తన చేతులు రెండూ తిప్పి పుండ్లు చూపించింది. అతను తన చేతులు చూపించాడు. మోచేతి దాకా కాలిన మచ్చలు. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పాడు, ఎస్తేరు తెలుగులో చెప్పింది. ఎక్కువైన ఆవిరిని బయటికి వదిలే మూత పట్టేసింది. బాయిలరు ఆపి బాగుచేయాలని, ఊళ్ళోకి జీపు రాకముందే మేస్త్రీ మేనేజరుకు చెప్పాడు. మేనేజరు అతని ముందే దేవరాజులుకు హిందీలో చెప్పాడు, ఆపొద్దని దేవరాజులే అన్నాడు. ఆడవాళ్ళకు హిందీ మాటలు తెలిసిపోతున్నాయని కూడా మేనేజరు అప్పుడే చెప్పాడు. "ఆ సంగతి నేను చూసుకుంటా" అన్నాడట దేవరాజులు.

జయరావు బెంచీ మీద కూలబడ్డాడు. "మూడో భాష మనకొద్దని నా నోటితోనే అనిపించినాడే" అన్నాడు.

"లెయ్యి. ఏడ్చేదానికి పొద్దు లేదు" అంది సుబ్బులమ్మ.

మరునాడు గేటు తెరిచినా ఎవరూ చేతులు చాపలేదు. అందరూ గేటు ముందు కూర్చున్నారు. మేనేజరు అరిచాడు, బెదిరించాడు. చూస్తుండగానే చిమ్నీ పొగ సన్నబడింది. మేస్త్రీ బాయిలరు మంట ఆర్పేసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆడవాళ్ళ పక్కన కూర్చున్నాడు. విద్యార్థులు పాత గుడ్డ వెనకవైపు రాసి తెచ్చి కట్టారు: "బాయిలరు బాగయ్యేదాకా లోపలికి పోము."

మధ్యాహ్నానికి దేవరాజులు వచ్చాడు. "ఏమమ్మా, ఇది మన తెలుగోళ్ళ ఫ్యాక్టరీ. ఎవురో బిహారోని మాట నమ్మి మన కడుపు మనమే కొట్టుకుంటామా?"

పెద్దవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. ఆ మాట వాళ్ళ మీద పనిచేస్తోందని సుబ్బులమ్మకు అర్థమైంది. అప్పుడు జయరావు లేచాడు.

"ఈయన తెలుగోడే అక్కా. మా అవ్వను కంకర మీద తోసినోనికి జీతం ఇచ్చేది ఈ తెలుగోడే. నెత్తిన రుద్దితే ఏ భాషనైనా ఎదిరిస్తాం, ఆ మాట నేను వెనక్కి తీసుకోను. కానీ మన చెవులు మూసేదానికి ఈయన మన నోరే వాడుకున్నాడు. మన బిడ్డలకి ఏం నేర్పల్లో మనం చెప్పల్ల, ఈయన గాదు. శకుంతలమ్మ టీచరు రేపు బడికి రావాల, బెత్తం లేకుండా రావాల."

"బాయిలరుకేం రోగం లేదు" అని దేవరాజులు గట్టిగా అన్నాడు.

పోలేరమ్మ కంకర మీద నుంచే అంది. "అయితే నువ్వు పోయి దాని పక్కన కూర్చో నాయనా. మేం ఈడ్నించి సూస్తా ఉంటాం."

అందరూ నవ్వారు. దేవరాజులు జీపెక్కి వెళ్ళిపోయాడు. పొద్దు వాలే వేళకు పోలీసు వ్యాను వచ్చింది. ఎస్సై లాఠీ ఊపుతూ, "ఈ గొడవ మొదలుపెట్టిన పిచ్చిది ఎవతె?" అన్నాడు.

సుబ్బులమ్మ లేచింది. "నేనే సార్. పాగల్."

ఆమెనూ మేస్త్రీనీ వ్యానులోకి తోశారు. ఎస్తేరు పరుగున వచ్చి ఊచలు పట్టుకుంది. సుబ్బులమ్మకు దుఃఖం పొంగింది, ఆపుకోలేదు. ఏడుస్తూనే చెప్పింది. "బడి మానొద్దు. రాత్రోళ్ళకి కూడా సెప్పు, లోపలికి పోవద్దని."

చెప్పే పని పడలేదు. వ్యాను కదలబోతుంటే రాత్రి షిఫ్టు ఆడవాళ్ళు రోడ్డు నిండా వచ్చారు. మేనేజరు గేటు తెరిచి వాచ్‌మన్‌ను ముందుకు తోశాడు. వాచ్‌మన్ పిలిచాడు. "రాండమ్మా, మీరు రాత్రోళ్ళు గదా, మీకూ ఈ పగలోళ్ళకీ ఏం సంబంధం?"

ముందున్నావిడ సద్ది గిన్నె కింద పెట్టి, పోలేరమ్మ పక్కన చతికిలబడింది.

"రాత్రోళ్ళు ఎవురూ లేరప్పా ఈ పొద్దు. మేమూ పాగలే."