టైలరమ్మ మార్చిన బల్బులు

వీధిలో అందరూ ఆవిడను టైలరమ్మ అంటారు. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన భర్త పక్కన కూర్చుని నేర్పితే, మూడు నెలల్లో కారు నడపడం పట్టేసింది. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి లైసెన్సు పరీక్ష. పన్నెండింటికి ఇంటి ముందు బండి సరిచూసుకుంటుంటే, కుడివైపు సిగ్నలు టకటకమని రెట్టింపు వేగంతో కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"అంత తొందరగా కొట్టుకుంటోందంటే ఏదో ఒక బల్బు మాడినట్టే," అంటూ భర్త దిగి చూశాడు. ముందుది వెలగడం లేదు. "ఇలా వెళ్తే ఆ ఆఫీసరు గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తాడు."

"అయితే మార్చేద్దాం. దానికి మొహం వేలాడేసుకోవడం ఎందుకు?"

ఆయన వీధి చివర స్పేర్ పార్టుల కొట్టుకెళ్లి బల్బు తెచ్చాడు. బానెట్ ఎత్తి హెడ్‌లైటు వెనక చెయ్యి పెట్టబోయాడు. బ్యాటరీ పక్కన సందు మరీ ఇరుకు. ఏళ్ల తరబడి స్టీరింగు తిప్పిన ఆ అరచెయ్యి సగం కూడా దూరలేదు. రెండుసార్లు చర్మం గీరుకుపోయాక మెకానిక్కుకి ఫోను చేశాడు. సాయంత్రం వస్తానన్నాడు అతను.

"తప్పుకోండి, నేను చూస్తాను."

"నీకేం తెలుసే ఇందులో?"

"మీకు తెలిసింది మీరు చెప్పండి. చొక్కా కాలరు లోపల సూది తిప్పే వేళ్లండీ ఇవి!"

చేతి గడియారం తీసి ఆయనకిచ్చి, సందులోకి చెయ్యి పోనిచ్చింది. లోపల కంటికేమీ కనబడదు. "గుండ్రంగా ఏదో తగిలింది. చెవుల్లాంటివి ఉన్నాయి."

"అదే హోల్డరు! ఎడమవైపు కాస్త తిప్పు."

టిక్కుమంది. వైర్లతో సహా హోల్డరు చేతిలోకొచ్చింది. మాడిన బల్బును నొక్కి తిప్పి తీసింది. కొత్తది పెట్టబోతే మాత్రం కూర్చోలేదు.

"గట్టిగా నొక్కు," అన్నాడాయన.

"ఆగండి, విరిగిపోతుంది." రెండు బల్బులూ పక్కపక్కన పెట్టి ఎండలో పట్టుకుంది. పాతది నారింజ రంగుది, కొత్తది తెల్లది. అంతేకాదు, కింద ఉన్న బొడిపెలు కొత్తదానికి సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి, పాతదానికి ఒకటి కాస్త పక్కకి జరిగి ఉంది. "హుక్కు ఒకచోట, కాజా ఇంకోచోట ఉంటే ఎంత లాగితే మాత్రం పడుతుందా?"

ఆయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. "ముప్పై ఏళ్లలో నేనెప్పుడూ ఇంత దగ్గరగా చూడలేదే."

ఈసారి కొట్టుకి ఆవిడే వెళ్లింది. "అన్నీ ఒకటేనమ్మా," అన్నాడు కొట్టతను. రెండు బల్బులూ అతని ముందు పెట్టి, బొడిపెలు చూపించింది. అతను నాలుక్కరుచుకుని లోపలికెళ్లి సరైనది తెచ్చాడు.

"రెండివ్వు నాయనా. ఎడమదీ అప్పటిదే. పరీక్ష మధ్యలో పోతే నా పరువేం కావాలి?"

రెండూ మార్చేసరికి ఒంటిగంటన్నర. సిగ్నలు వేస్తే కుడీ ఎడమా నింపాదిగా, ఒక్క లయలో వెలిగి ఆరాయి. మోచేతిదాకా మసి. కడుక్కుంటుంటే నవ్వు ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

పరీక్షలో ఆఫీసరు లైట్లన్నీ వేయించి చూశాడు. ముందుకు పోనిమ్మన్నాడు, మలుపు తిప్పించాడు, రెండు డ్రమ్ముల మధ్యకి రివర్సు చేయించాడు. ఎక్కడా తగల్లేదు. "పాసయ్యారమ్మా," అని కాగితం మీద ముద్ర కొట్టాడు.

ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. భర్త పక్కసీట్లో కూర్చుంటూనే డిపోలోని పాత స్నేహితుడికి ఫోను కలిపాడు.

"పాసవుతుందని నాకు ముందే తెలుసులేరా! అది కాదు, మధ్యాహ్నం మా ఆవిడ ఏం చేసిందో విను. మన మెకానిక్కులు కూడా..."

ఆవిడ విననట్టే అద్దం సర్దుకుంది. ఆయన చెప్పడం ఇప్పట్లో అయ్యేలా లేదు. సిగ్నలు వేసి, ఇంటికి చుట్టుదారి పట్టింది.